సమాజపు సంతోషాన్ని కొలవాలంటే కింది మెట్ల నుంచి లెక్కపెట్టండి

ఇంటింటి సర్వేలకు వెళ్లే బృందాలకు శిక్షణ ఇవ్వడం నా పని. జనం సంతోషంగా ఉన్నారో లేదో కొలవాలని ఎవరు వచ్చినా, ముందు నేనడిగేది ఎందుకు కొలుస్తున్నారని. పత్రికలో వేసుకోవడానికి ఒక సగటు అంకె చాలనుకుంటే పెద్ద శ్రమ అక్కర్లేదు. ఎవరి బతుకు బరువుగా ఉంది, వాళ్లకు ఏది కొరవడింది అన్నది తెలియాలంటే మాత్రం ప్రశ్న రాసే దగ్గర్నుంచి లెక్క కట్టేదాకా పని తీరే మారిపోతుంది. నా దృష్టిలో కొలవాల్సింది ఈ రెండోదే. ఇక్కడ రాసేదంతా దాని కోసమే.

"మీరు సంతోషంగా ఉన్నారా?" అని సూటిగా అడగొద్దు. గుమ్మం ముందు నిలబడ్డ కొత్త మనిషికి ఎవరైనా "ఆ, బాగానే ఉన్నామండీ" అనే చెబుతారు. అది మర్యాద, సమాధానం కాదు. పైగా సంతోషం అనే ఒక్క మాటలో కనీసం మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి: మొత్తం మీద జీవితం ఎలా ఉందనుకుంటున్నారు, నిన్నటి రోజు మనసు ఎలా గడిచింది, చేస్తున్న పనులకు అర్థం ఉందనిపిస్తోందా. ఈ మూడూ కలిసి నడవాలని లేదు. పసిబిడ్డను పెంచుతున్న తల్లి నిన్న రోజంతా అలసిపోయి చిరాకు పడి ఉండొచ్చు, తను చేసే పనికి విలువ మాత్రం పదికి పది వేయొచ్చు. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం 2011 నుంచి నాలుగు చిన్న ప్రశ్నలు అడుగుతోంది: జీవితంతో తృప్తి, చేసే పనుల విలువ, నిన్నటి సంతోషం, నిన్నటి ఆందోళన. అన్నిటికీ సున్నా నుంచి పది దాకా అంకెలే. మొదటిసారి సర్వే చేసేవాళ్లకు నేను చూపించేది ఈ నాలుగే.

వీటికి తోడు నిచ్చెన ప్రశ్న. అమెరికన్ మనస్తత్వవేత్త హ్యాడ్లీ కాంట్రిల్ 1965లో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. జనాభిప్రాయ సర్వేలు చేసే గాలప్ సంస్థ 2005 నుంచి ప్రపంచమంతటా అడుగుతున్నది ఇదే. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకోమనాలి. మీకు సాధ్యమయ్యే జీవితాల్లో అన్నిటికన్నా మంచిది పై మెట్టు, అన్నిటికన్నా చెడ్డది కింది మెట్టు; ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నట్టు అనిపిస్తోంది? అయిదేళ్ల తర్వాత ఏ మెట్టు మీద ఉంటారనుకుంటున్నారు? రెండో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, వదలొద్దు. ఇవాళ నాలుగో మెట్టు మీదున్నా రేపు ఎనిమిదికి ఎక్కుతానన్న నమ్మకం ఉన్న మనిషి వేరు. రేపు కూడా నాలుగే అనుకునే మనిషి వేరు. గాలప్ లెక్కలో రెంటికీ నాలుగో అంతకన్నా తక్కువో చెప్పినవాళ్లే బాధలో ఉన్నవాళ్ల కింద వస్తారు.

నిచ్చెన బొమ్మ గీసిన అట్టను తప్పకుండా చేతికివ్వండి. చదువు రానివాళ్లకు అర్థమవుతుందన్నది ఒక కారణమైతే, నాకు అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. అత్తగారో భర్తో పక్కనే కూర్చుని వింటుంటే ఏ కోడలూ "మూడు" అని పైకి అనలేదు. వేలితో చూపిస్తే చాలంటే చూపిస్తుంది. "పదికి ఎన్ని మార్కులు వేస్తారు?" అని మాత్రం అడగొద్దు. పరీక్ష పాసవ్వాలన్నట్టు అందరూ ఆరూ ఏడూ వేసేస్తారు.

ప్రశ్నల వరుస చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సర్వే నిలిచేదీ కూలేదీ ఇక్కడే. అమెరికాలో గాలప్ రోజువారీ సర్వేను పరిశీలించిన ఆర్థికవేత్త ఆంగస్ డీటన్, నిచ్చెన ప్రశ్నకు ముందు రాజకీయాల గురించి అడిగితే జనం తమ జీవితానికి తక్కువ మెట్టు ఇస్తున్నారని గుర్తించాడు. వాళ్ల బతుకు మారలేదు, ముందు అడిగిన ప్రశ్న మారింది. అందుకే నిచ్చెనను అన్నిటికన్నా ముందు పెట్టండి. ఆదాయం, అప్పులు, జబ్బులు, ప్రభుత్వం గురించి తర్వాత అడగండి. నిన్నటి గురించి అడిగేటప్పుడు వారంలోని ఏడు రోజులకూ ఇళ్లను సమానంగా పంచుకోవాలి. అందరినీ సోమవారమే కలిస్తే మీరు కొలిచింది ఆదివారాన్నే.

ఎంతమందిని అడగాలి? ఒక్కొక్కరు చెప్పే మెట్టుకూ అందరి సగటుకూ మధ్య తేడా (గణాంకాల భాషలో ప్రామాణిక విచలనం) సాధారణంగా రెండుకు అటూ ఇటూ ఉంటుంది. చీటీలు తీసినట్టు ఎంచుకున్న 400 మందిని అడిగితే సగటులో పొరపాటు దాదాపు 0.2 మెట్టు, 1,000 మందిని అడిగితే 0.12. అంటే ఒక దేశం 6.5, ఇంకో దేశం 6.4 తెచ్చుకుంటే ఏది ముందో చెప్పలేం. ర్యాంకుల పట్టికలు చూసి ఉప్పొంగిపోవడమూ కుంగిపోవడమూ రెండూ అనవసరం. సంఖ్య కన్నా ఎవరు దొరికారన్నది నన్ను ఎక్కువ వేధిస్తుంది. పగలు తలుపు తీసేవాళ్లతోనే సరిపెట్టుకుంటే కూలికి వెళ్లినవాళ్లు, రాత్రి షిఫ్టులవాళ్లు, మంచం పట్టినవాళ్లు జారిపోతారు. ఇంట్లో ఎవరిని అడగాలో మీ బృందం నిర్ణయించొద్దు, ఇంటి పెద్ద అసలే వద్దు. పెద్దవాళ్లందరి పేర్లూ రాసి చీటీ తీయండి. ఆ మనిషి ఇంట్లో లేకపోతే పక్కింటికి పోవద్దు, సాయంత్రం మళ్లీ అదే ఇంటికి రండి.

ఇక లెక్క. రెండు ఊళ్లు అనుకోండి. మొదటి ఊళ్లో అందరూ ఆరో మెట్టు మీదున్నారు. రెండో ఊళ్లో సగం మంది తొమ్మిది మీద, సగం మంది మూడు మీద ఉన్నారు. రెంటి సగటూ ఆరే! సగటుతో ఆగిపోతే రెండో ఊళ్లో సగం మంది కాగితం మీద మాయమవుతారు. కాబట్టి ఏ నివేదికలోనైనా మొదటి వరుసలో నాలుగూ అంతకన్నా కింది మెట్ల మీద ఎంతమంది ఉన్నారో రాయమంటాను, సగటు తర్వాతే. బ్రిటన్ వాళ్లు కూడా సున్నా నుంచి నాలుగు దాకా తక్కువ తృప్తిగా విడిగా చూపిస్తారు.

భూటాన్ ఈ దారిలో ఇంకా ముందుకు పోయింది. వాళ్ల స్థూల జాతీయ ఆనంద సూచీలో మానసిక స్థితి, ఆరోగ్యం, చదువు, సమయ వినియోగం లాంటి 9 రంగాలు, 33 సూచికలు ఉన్నాయి. ప్రతి సూచికకూ ఇంత ఉంటే చాలు అన్న గీత ఒకటి ఉంటుంది. వాటి బరువుల ప్రకారం 66 శాతానికి చేరినవాళ్లను సంతోషంగా ఉన్నట్టు లెక్కిస్తారు. చేరనివాళ్లకు ఏది తక్కువైందో సూచికల వారీగా బయటపడుతుంది. గీత దాటినవాడికి ఇంకా కోటి రూపాయలు కలిసొచ్చినా సూచీ కదలదు. ఈ ఒక్క గుణం వల్లే నాకు ఆ పద్ధతి మీద గౌరవం. అయితే 33 సూచికలంటే చాలా పొడవైన ముఖాముఖి. చిన్న బృందాలు నిచ్చెనతో పాటు ఆరోగ్యం, నిద్ర, అప్పు, ఆపదలో ఆదుకునే మనిషి ఉన్నారా అన్న ప్రశ్నలు అడిగినా సరిపోతుంది. ఆ చివరి ప్రశ్నను ఎంత తొందరలో ఉన్నా తీసేయకండి.

మాటల అంకెలనే నమ్ముకోవద్దని కూడా చెబుతాను. లేమికి అలవాటుపడ్డవాళ్లు ఉన్నదాంతోనే తృప్తి చెప్పుకుంటారని అమర్త్య సేన్ ఎన్నో ఏళ్లుగా హెచ్చరిస్తూ వచ్చాడు. కాబట్టి ఏడో మెట్టు చూపించిన మనిషి మూడు పూటలా తింటున్నారా, జబ్బు చేస్తే వైద్యం అందుతోందా అన్నది పక్కనే నమోదు కావాలి. రెండూ పొంతన కుదరకపోతే సగటు తీసి కలిపేయకండి, రెండూ విడివిడిగా అచ్చు వేయండి.

బృందాన్ని పంపే ముందు రోజు మరొక్క సంగతి నేర్పండి. ఎవరో ఒకరు సున్నా మీద వేలు పెడతారు. అప్పుడు తర్వాతి ప్రశ్నకు పరుగెత్తకూడదు. కాగితం పక్కన పెట్టి వాళ్లు చెప్పేది వినాలి, దగ్గర్లో సాయం ఎక్కడ దొరుకుతుందో రాసిన చీటీ ఇవ్వాలి. ఆ చీటీలు అచ్చు కాకుండా నేను ఏ బృందాన్నీ బయల్దేరనివ్వను.