కొరియాలో ఇంగ్లిష్ టీచర్‌గా వెళ్తున్నారా? క్లాసు బయటి సంగతులు ముందు నేర్చుకోండి

ముందు వీసా సంగతి చెప్తాను, ఎందుకంటే నన్ను అడిగేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కొరియాలో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు మామూలుగా ఇచ్చేది ఇ-2 వీసా. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ 7 దేశాల పౌరులకే ఇస్తారు, డిగ్రీ ఉండి తీరాలి. గ్రీన్ కార్డు చాలదు, ఆ దేశం పాస్‌పోర్టే కావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం వల్ల ఒక చిన్న దారి ఉంది: డిగ్రీతో పాటు ఇంగ్లిష్ టీచర్ అర్హత కూడా ఉంటే ప్రభుత్వ బడుల్లో సహాయక టీచర్‌గా రావచ్చు. ప్రైవేటు కోచింగ్ సెంటర్లకు ఆ దారి పనికిరాదు. కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టు మీద ఇ-2 వేయించి ప్రైవేటు సెంటర్‌లో ఉద్యోగం ఇప్పిస్తానని ఏ ఏజెంటు చెప్పినా డబ్బు కట్టకండి.

నేను తెనాలిలో పుట్టి తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్నలతో కెనడా వెళ్లాను, అక్కడి పాస్‌పోర్టు మీదే కొరియా వచ్చాను. మొదటి ఏడాది ఒక హాగ్వన్‌లో (హాగ్వన్ అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్, మన దగ్గర వీధి చివర ఉండే కోచింగ్ సెంటర్లలాగే అక్కడా ఒక్కో బిల్డింగ్‌లో నాలుగైదు ఉంటాయి), తర్వాత గిమ్హే ఊళ్లో ప్రభుత్వ ప్రాథమిక బడిలో పనిచేశాను.

కాగితాల పని నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి. డిగ్రీ కాపీ, మీ దేశం మొత్తానికి సంబంధించిన పోలీసు రికార్డు, రెండిటికీ అపోస్టిల్ ముద్ర (కాగితం అసలైనదేనని ఇంకో దేశం ఒప్పుకునేలా మీ ప్రభుత్వం వేసేది) ఉండాలి. కెనడావాళ్లకు 2024 జనవరి నుంచి ఈ పని తేలికైంది, అంతకుముందు కొరియా కాన్సులేట్ దాకా వెళ్లి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది.

కాంట్రాక్టు చేతికొచ్చాక జీతం ఒక్కటే చూడకండి. జీతం మొదట్లో నెలకు 20 లక్షల వొన్ల పైచిలుకే ఉంటుంది, ఎక్కడికి పోయినా మరీ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా మిగతా వాటిలో ఉంటుంది: ఇల్లు వాళ్లే ఇస్తున్నారా, హెల్త్ ఇన్సూరెన్స్‌లో, పెన్షన్‌లో సగం యజమాని కడుతున్నాడా, ఏడాది పూర్తయితే ఒక నెల జీతం అదనంగా ఇస్తామని రాశారా. ఈ చివరిదాన్ని తెజిక్‌గుమ్ అంటారు, అది చట్టప్రకారం మన హక్కు. నా మొదటి హాగ్వన్‌లో జీతంలో 3.3 శాతం మాత్రం కోసేవారు. పన్ను తక్కువ కదా అని సంతోషపడ్డాను. అది ఫ్రీలాన్సర్లకు కోసే రేటని, అంటే కాగితాల మీద నేను వాళ్ల ఉద్యోగినే కానని, పెన్షన్ లేదని, ఇన్సూరెన్స్ లేదని ఆరో నెలలో తెలిసింది. నాతో పనిచేసిన ఒకమ్మాయిని పదకొండో నెలలో తీసేశారు, ఇంకో నెల ఉంటే ఆ తెజిక్‌గుమ్ ఇవ్వాల్సి వచ్చేది. మీకు ఇలాంటిది ఎదురైతే 1350కి ఫోన్ చేయండి, అది కార్మిక శాఖ నంబరు. వీసా అనుమానాలకు 1345. రెండూ దిగిన రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అంబులెన్సుకు 119, పోలీసులకు 112 కూడా. ఇంకో ముఖ్యమైన మాట, ఇ-2 మీద ఉండి ఇంట్లో ప్రైవేటు ట్యూషన్లు చెప్పకండి. పిల్లల తల్లులు చాలా ప్రేమగా అడుగుతారు, డబ్బు కూడా బాగా ఇస్తారు, కానీ పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపించేయడం దాకా పోతుంది.

దిగిన మొదటి నెల కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. మెడికల్ టెస్టు చేయించుకోవాలి, 90 రోజుల్లోపు రెసిడెన్స్ కార్డుకు అప్లై చేయాలి, దానికి హైకొరియా వెబ్‌సైట్‌లో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. ఆ కార్డు వచ్చేదాకా మీ పేరు మీద మామూలు ఫోన్ కనెక్షన్, బ్యాంకు ఖాతా దొరకడం కష్టం. మీ పేరు మీద ఫోన్ లేకపోతే ఆన్‌లైన్‌లో ఏది చేయబోయినా ‘మీరు మీరేనని నిరూపించుకోండి’ అనే చోట ఆగిపోతారు. మొదటి జీతం నెల గడిచాకే వస్తుంది. కాబట్టి ఒకటిన్నర నెలకు సరిపడా డబ్బు వెంట తెచ్చుకోండి. ఒక టీ-మనీ కార్డు కొనుక్కుంటే బస్సులకు, మెట్రోకు అదే సరిపోతుంది. దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరచిపోవద్దు, అలా చేస్తేనే తర్వాత ఎక్కే బస్సు చార్జీలో తగ్గింపు దొరుకుతుంది.

ఇక పని. హాగ్వన్ అయితే పిల్లలు బడి అయ్యాక వస్తారు కాబట్టి మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది, పది దాకా సాగుతుంది. ప్రభుత్వ బడి అయితే ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర, వారానికి 22 క్లాసులు. మిగతా సమయమంతా టీచర్ల గదిలో మీ కుర్చీలో ఉండాలి. ఆ గదిలో మెలగడమే అసలైన ఉద్యోగం అని నా నమ్మకం. మీతో పాటు క్లాసులో ఒక కొరియా టీచర్ ఉంటారు, మీ ఇంటి గ్యాస్ బిల్లు దగ్గర్నుంచి పళ్ల డాక్టర్ దాకా మొదట్లో అన్నీ ఆవిడే చూడాల్సి వస్తుంది, అది ఆవిడకు జీతంలేని అదనపు పని. ఇది గుర్తుపెట్టుకుంటే చాలా విషయాలు అర్థమవుతాయి. చిన్న చిన్న అవసరాలకు రోజుకు ఐదుసార్లు వెళ్లకుండా, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వారానికోసారి అడగండి. ‘ఈరోజు మూడో పీరియడ్ లేదు’ అని రెండో పీరియడ్ గంట కొట్టాక చెప్తారు, మనసులో పెట్టుకోకండి, చాలాసార్లు ఆవిడకు కూడా అప్పుడే తెలిసి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ‘వచ్చేవారం ఏమైనా మారుతోందా?’ అని అడిగే అలవాటు చేసుకున్నాక నాకు ఆ ఇబ్బంది సగానికి తగ్గింది. బడిలో వేసుకోవడానికి చెప్పుల జత ఒకటి తీసుకెళ్లండి, బయటి బూట్లు గుమ్మం దగ్గరే విప్పాలి. కాగితమైనా కప్పైనా పెద్దవాళ్లకు రెండు చేతులతో ఇవ్వండి. పిల్లల పేర్లు ఎర్ర ఇంకుతో రాయకండి, చనిపోయినవాళ్ల పేర్లు అలా రాస్తారని వాళ్లకు పట్టింపు. ఇది తెలియక నేను హాజరు పట్టీ మొత్తం ఎర్ర పెన్నుతో రాసేస్తే, పక్క సీటు టీచర్ ఏమీ అనకుండా నీలం పెన్ను తెచ్చి పెట్టింది.

ప్రభుత్వ బడిలో ఉంటే పిల్లల నుంచి, తల్లిదండ్రుల నుంచి బహుమతులు తీసుకోకండి, ఒక కాఫీ అయినా సరే. 2016 సెప్టెంబరులో వచ్చిన అవినీతి నిరోధక చట్టం టీచర్లకూ వర్తిస్తుంది. నవ్వుతూ రెండు చేతులతో తిరిగి ఇచ్చేయండి, వాళ్లేమీ నొచ్చుకోరు.

క్లాసులో మాత్రం తెలుగువాళ్లకు ఒక పెద్ద లాభం ఉంది, దీని గురించి ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు. కొరియా పిల్లలు ఇంగ్లిష్ మాటల చివర ఒక అచ్చు చేరుస్తారు. కేక్ అనమంటే ‘కెయికు’ అంటారు, బస్ అంటే ‘బొసు’, ఇంక్ అంటే ‘ఇంకు’, టెంట్ అంటే ‘టెంటు’. మనం ఏమంటాం? కేకు, బస్సు, ఇంకు, టెంటు! వాళ్ల ఆ అచ్చు మన ‘ఉ’లా పెదాలు గుండ్రంగా చుట్టి పలికేది కాదు, పెదాలు సాగదీసి పలికేది, కానీ జబ్బు ఒకటే. కారణం మాత్రం కాస్త వేరు: తెలుగు మాటకు చివర అచ్చు ఉంటేనే హాయి, కొరియా మాటలు కొన్ని హల్లులతో ఆగగలవు కానీ ‘స్’తోనో, గాలి వదిలి గట్టిగా పలికే ‘క్’, ‘ట్’లతోనో ఆగవు. నాతో ఉన్న ఇంగ్లండ్ టీచర్ ‘చివర్లో ఏమీ పలకొద్దు’ అని వందసార్లు చెప్పి విసుగెత్తిపోయేవాడు. నేను మా అమ్మమ్మ ‘రోడ్డు, కారు, బుక్కు’ అనడం గుర్తు చేసుకుని చప్పట్లతో చెప్పాను. ‘కేక్’ అంటే ఒకే చప్పట, పిల్లలు ‘కెయికు’ అన్నప్పుడు ఎన్ని పడ్డాయో వాళ్లనే లెక్కపెట్టమనాలి. రెండు వారాలు రోజూ ఐదు నిమిషాలు చేస్తే మూడో తరగతి పిల్లలకు కూడా తేడా చెవికి తెలుస్తుంది. అక్కడ బడిలో ఇంగ్లిష్ మూడో తరగతిలోనే మొదలవుతుంది, కానీ ఒకే క్లాసులో ఐదేళ్ల నుంచి హాగ్వన్‌కు వెళ్తూ గడగడా మాట్లాడే పిల్ల, ఏబీసీడీలు రాని పిల్లాడు పక్కపక్కనే ఉంటారు. రాని పిల్లాడితో నోరు విప్పించడానికి ఈ చప్పట్లు బాగా పనికొస్తాయి, ఎందుకంటే ఇందులో ఇద్దరూ సమానమే.

కొరియా భాష నేర్చుకోవడంలోనూ ఇదే లాభం. లిపి వారంలో వచ్చేస్తుంది. గుణింతంలాగే హల్లుకు అచ్చు కలిపి ఒక గడిలో రాస్తారు, ఆ గడి చివర పలికే హల్లు మన ఒత్తులాగా కింద కూర్చుంటుంది. వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది, ‘కి’, ‘లో’, ‘నుంచి’ లాంటివి మాట వెనకాలే వస్తాయి. మనం ‘అండి’ చేర్చినట్టు వాళ్లు ‘యో’ చేరుస్తారు, ‘నువ్వు’, ‘మీరు’ తేడా వాళ్లకు మనకంటే పట్టింపు ఎక్కువ. కెనడా వాళ్లు నెలల తరబడి తిప్పలు పడిన చోట నాకు తెలుగు వాక్యంలో మాటలు మార్చి పెడితే చాలనిపించేది. మిమ్మల్ని బడిలో పేరుతో ఎవరూ పిలవరు, సొన్‌సెంగ్‌నిమ్ అంటారు, చనువున్న పిల్లలు దాన్ని కుదించి ‘స్సేమ్’ అంటారు.

రంగు గురించి కూడా దాచకుండా చెప్పాలి. అప్లికేషన్‌తో పాటు ఫొటో అడుగుతారు, కొన్ని హాగ్వన్లకు తెల్లవాళ్లే కావాలి, ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆగిపోయినవి నాకు మూడున్నాయి. బాధగానే ఉంటుంది. అలాంటి చోట పట్టుబట్టి చేరకండి, ఎందుకంటే చేరాక తల్లిదండ్రుల ముందు మిమ్మల్ని దాచాలని చూస్తారు. బడి పిల్లలు అలా ఉండరు. గిమ్హేలో నేను ఇండియాలో పుట్టానని తెలిసిన రోజు ఐదో తరగతి పిల్లాడొకడు లేచి ‘మా రాణిగారు కూడా మీ ఊరే’ అన్నాడు. సామ్‌గుక్ యుసా అనే పాత గ్రంథంలో అయుత అనే దేశం (అది మన అయోధ్యేనని చాలామంది చెప్పుకుంటారు) నుంచి ఓడలో వచ్చి సురో రాజును పెళ్లాడిన హొ హ్వాంగ్-ఓక్ రాణి కథ ఉంది, ఆవిడ సమాధి ఆ ఊళ్లోనే ఉంది. గిమ్హే కిమ్ ఇంటిపేరువాళ్లు తమను ఆమె వంశంగా చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమన్నది పక్కన పెడితే, ఆ రోజు నుంచి క్లాసులో కిమ్‌లందరూ నాకు చుట్టాలైపోయారు.

తిండి విషయంలో మొహమాటపడితే మీరే నష్టపోతారు. బడి భోజనంలో అన్నం, సూపు, కిమ్చి, రెండు కూరలు ఉంటాయి. కూరగాయల సూపులా కనిపించినా అందులో నెత్తళ్లు మరిగించిన నీళ్లు ఉంటాయి, కిమ్చిలో చేపల రసమో ఉప్పు రొయ్యలో కలుపుతారు. సముద్రపు నాచు సూపులో చాలాసార్లు గొడ్డు మాంసం పడుతుంది. తినని వాళ్లు ‘సోగోగి’ అంటే గొడ్డు మాంసం, ‘ద్వేజిగోగి’ అంటే పంది మాంసం అని ముందే నేర్చుకోండి, హోటల్లో ‘గోగి ప్పే జుసెయో’ అంటే మాంసం తీసేసి ఇస్తారు. అన్నం మీద కూరగాయలు వేసి కలుపుకుని తినే బిబింబాప్ ఇలా తినొచ్చు. కందిపప్పు, పసుపు, సన్నబియ్యం కోసం పెద్ద ఊళ్లలో విదేశీ కార్మికులుండే వీధులకు వెళ్లండి: సియోల్‌లో ఇతెవన్ మసీదు చుట్టుపక్కల, ఆన్సాన్‌లో వొన్‌గోక్-దోంగ్, గిమ్హేలో దోంగ్‌సాంగ్-దోంగ్ బజారు. చింతపండు థాయ్, వియత్నాం కొట్లలో దొరుకుతుంది. వాళ్ల కారప్పొడి ఎర్రగా నిండుగా ఉంటుంది కానీ మన గుంటూరు కారం ఘాటు రాదు, రెట్టింపు వేస్తే కూర తియ్యగా అవుతుంది. అందుకని కారం ఇంటి నుంచే తెచ్చుకోండి. పెరుగు కొనేటప్పుడు డబ్బా మీద ‘ప్లెయిన్’ అని ఉందో లేదో చూసి, దానిలోనూ చక్కెర లేనిదే తీసుకోండి, లేకపోతే పెరుగన్నం తియ్యగా అవుతుంది.

చెత్త. మామూలు చెత్తకు మీ మున్సిపాలిటీ పేరున్న సంచులే వాడాలి, వాటిని దుకాణంలో కొనుక్కోవాలి, 1995 నుంచి అక్కడ ఇదే పద్ధతి. తిండి చెత్త వేరు, ప్లాస్టిక్, గాజు, కాగితం వేరు. తిండి చెత్తను పశువుల దాణాగా, ఎరువుగా మారుస్తారు కాబట్టి పశువు తినలేనివన్నీ మామూలు సంచిలోకే పోవాలి: ఎముకలు, గుడ్డు పెంకులు, రొయ్యల పొట్టు, మామిడి టెంకె, ఉల్లి పైపొర. ఏ రోజు ఏది బయట పెట్టాలో పక్కింటి ముసలావిడను అడగండి. ఆవిడకు అన్నీ తెలుసు, తప్పు పెడితే ముందు చూసేది కూడా ఆవిడే.

చలికాలంలో గది నేల కిందనుంచి వేడెక్కుతుంది, దీన్ని ఒన్‌దోల్ అంటారు. బడికి వెళ్తూ బాయిలర్ పూర్తిగా ఆపేయకండి, గట్టి చలిలో పైపులు గడ్డకడతాయి. రిమోట్ మీద ‘వెచుల్’ అనే బటన్ ఉంటుంది, బయటికెళ్లేటప్పుడు దాన్ని నొక్కితే గ్యాస్ బిల్లూ అదుపులో ఉంటుంది.

టీచర్లందరూ కలిసి భోజనానికి వెళ్లడాన్ని హ్వేశిక్ అంటారు, మొదటి రెండింటికి తప్పక వెళ్లండి. మందు తాగనంటే బలవంతపెట్టేవాళ్లు ఇప్పుడు తక్కువే, గ్లాసులో సైడా అనే తియ్యటి సోడా పోయించుకుని మీరు పెద్దవాళ్ల గ్లాసులు రెండు చేతులతో నింపండి, చాలు.

వెళ్లిపోయేటప్పుడు తెజిక్‌గుమ్ లెక్క చూసుకోండి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా పౌరులైతే పెన్షన్ డబ్బు కూడా మొత్తంగా వెనక్కి వస్తుంది, విమానం టికెట్టు పట్టుకుని పెన్షన్ ఆఫీసుకు వెళ్లి అప్లై చేయాలి. పాత కుర్చీలు, మంచాలు ఊరికే బయట పెట్టకూడదు, వాటికి డబ్బు కట్టి స్టిక్కరు తీసుకుని అంటించాలి. గ్యాస్ మీటరు రీడింగ్ తీయించి చివరి బిల్లు కట్టేయండి. నేను గది ఖాళీ చేసేరోజు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి వచ్చాను: ఏ సంచి ఏ రోజు, బాయిలర్ బటన్ ఏది, పక్కింటావిడను ఏమని పిలవాలి, 1350. నా తర్వాత వచ్చిన అమ్మాయి దాని ఫొటో తీసి పంపింది, కింద తన చేతిరాతతో ఇంకో రెండు వరుసలు చేర్చి ఉన్నాయి.