నాపా కాబర్నే సీసా తీశాక తేడా కొడితే

మామిడి రుచి ఏడాదికో రకంగా ఉంటుందని మనకు తెలుసు. కాలిఫోర్నియాలోని నాపా లోయ ద్రాక్ష కూడా అంతే. అక్కడి కాబర్నే సావిన్యాన్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ నచ్చకపోతే ముందు లేబుల్ మీది సంవత్సరం చూడండి. అది సీసాలో నింపిన ఏడాది కాదు, కాయ కోసిన ఏడాది.

నోరంతా వగరు, నాలుక పిడచకట్టుకుపోతోంది

ఇది లోపం కాదు. కాబర్నే పండు చిన్నది, తొక్క మందం. రసం తొక్కలతో, గింజలతో కలిసే పులుస్తుంది కాబట్టి వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు అందులోకి దిగుతాయి. అవి ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టేస్తే, పచ్చి వక్క నమిలినట్టు నోరు గరుకవుతుంది. మూడు నాలుగేళ్ల వైన్ అయితే వెడల్పాటి జగ్గులోకి వంపి గంటో రెండు గంటలో గాలి తగలనివ్వండి. పక్కన కొవ్వున్న మటన్ రోస్ట్ పెట్టుకుంటే వగరు మెత్తబడుతుంది. కారం దట్టించిన కోడివేపుడు మాత్రం వద్దు, మిరప మంటను ఆల్కహాల్ ఇంకా రేపుతుంది.

పసరు వాసన వస్తోంది

పైరజీన్లు అనే పదార్థాల వాసన ఇది. కాబర్నే సావిన్యాన్‌కు పుట్టుకతోనే వచ్చింది. కాబర్నే ఫ్రాంక్, సావిన్యాన్ బ్లాంక్ అనే రెండు ద్రాక్ష రకాలు కలిసి పుట్టిన రకమిదని 1997లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. ఆ రెండింటికీ ఈ పసరు ఉంది. గుత్తికి ఎండ తగిలి కాయ మాగేకొద్దీ అది తగ్గుతుంది.

నాపాలో మార్చిలో చిగురు, మేలో పూత, జులై-ఆగస్టుల్లో కాయ రంగు తిరగడం, సెప్టెంబరు-అక్టోబరుల్లో కోత. 2011లో వేసవి చల్లగా గడిచింది, పైగా అక్టోబరు మొదట్లో వానలు. కుళ్లు పడుతుందన్న టెన్షన్‌తో కొందరు కాయ సరిగ్గా మాగకముందే కోసేశారు. ఆ ఏటి సీసా ఒకటి ఇంట్లో తీసినప్పుడు, గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే క్యాప్సికం ఎవరు తరుగుతున్నారా అని వంటింటివైపు చూశాను. అరగంటకు పసరు వెనక్కి తగ్గి పొగాకు, నల్ల చెర్రీ వాసనలు పైకి వచ్చాయి. నాకైతే ఆ వైన్ బాగా నచ్చింది. అందుకే ఆ ఏడాదిని మొత్తంగా కొట్టిపారేయొద్దని నా మాట. గాలి పెడితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పుదీనా పట్టించి కాల్చిన మాంసంతో తాగితే ఆ పసరే కలిసొస్తుంది. అసలు పడనివాళ్లు 2013 లాంటి పొడి ఏడాది వెతుక్కోవాలి.

గొంతు మండుతోంది, జామ్‌లా ఉంది

2022 సెప్టెంబరు మొదట్లో నాపాలో ఎండ 43 డిగ్రీలు దాటింది. అంత వేడికి కాయలో నీరు తగ్గి చక్కెర చిక్కబడుతుంది, పులుపు పడిపోతుంది. ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది. రెడ్ వైన్‌ను గది వేడిమిలోనే తాగాలంటారు, కానీ అది హైదరాబాద్ మే నెల గది కాదు. 16 నుంచి 18 డిగ్రీలు చాలు. అరగంట ఫ్రిజ్‌లో పెడితే మంట తగ్గిపోతుంది.

మింగాక బూడిద రుచి

2020 అయితే పొగను అనుమానించండి. ఆగస్టులో పిడుగులతో అడవుల్లో మంటలు రేగాయి, సెప్టెంబరు 27న గ్లాస్ ఫైర్ అనే మరో కార్చిచ్చు మొదలైంది. పొగలోని గ్వాయకాల్ లాంటి పదార్థాలు ద్రాక్ష తొక్కలోకి చేరి చక్కెరతో ముడిపడతాయి. అందుకే ముక్కుకు అంతగా తెలియవు, నోట్లో ముడి విడిపోయాక బయటపడతాయి. గాలి పెట్టినా పోవు, దీనికి ఇంట్లో మందు లేదు. చాలా వైనరీలు ఆ ఏడాది రెడ్ వైన్ చేయనే లేదు. పండిన పంటను తీగ మీదే వదిలేసుకున్న రైతుల సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఏడాదితో సంబంధం లేనివి

తడి అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ బిరడా వల్ల వచ్చిన చెడు. సీసా వెనక్కి ఇచ్చేయండి. కార్క్ పైకి పొడుచుకొచ్చి, పండు ఉడికినట్టు అనిపిస్తే సీసాకు ఎక్కడో ఎండదెబ్బ తగిలింది. నాపా నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో పెట్టి మధ్యాహ్నమంతా కారును ఎండలో వదలకండి. పాత సీసా అడుగున మడ్డి ఉంటే భయం లేదు. ముందురోజే నిలబెట్టి ఉంచి, నెమ్మదిగా వంపుతూ మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి.