మ్యాపు చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: కొండా, గొయ్యా?

కాంటూరు రేఖలు, అంటే మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, దగ్గర దగ్గరగా ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే చదును అని పోయిన పాఠంలో చూశాం. ఈసారి అసలు చిక్కు. గుండ్రటి గీతలు ఒకదానిలో ఒకటి ఉన్నాయి. అది శిఖరమా, గొయ్యా?

ఇది నేర్చుకోవడానికి మారిషస్ చాలా మంచి చోటు. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్లు చెరకు పండించిన ఆ దీవి అంతా అగ్నిపర్వతాలు కక్కిన లావాయే. పొలాల్లోంచి ఏరి పోసిన నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎంత చాకిరీ చేస్తే ఆ నేల సాగుకొచ్చిందో! దీవి మధ్య పీఠభూమి మీద క్యూర్‌పిప్ అనే ఊరుంది. అక్కడే ట్రూ ఓ సెర్ అనే అగ్నిపర్వత బిలం ఉంది. దాని అంచు సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. లోపల గిన్నెలా 80 మీటర్ల దాకా దిగిపోతుంది.

ఇప్పుడు అలాంటి బిలాన్ని మనమే చేసి చూద్దాం. పెద్ద బంగాళాదుంపను సగానికి కోసి బోర్లించండి. పైన స్పూనుతో లోతుగా గుంట తీయండి. దుంపను అడ్డంగా ఒకే మందంలో ముక్కలు కోసి, పెద్దదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ కాగితం మీద ఒకే చోట పెట్టి చుట్టూ గీయండి. కింది ముక్కకు ఒకే గీత వస్తుంది. గుంట పడిన ముక్కకు మాత్రం రెండొస్తాయి, బయటి అంచుకొకటి, లోపలి అంచుకొకటి. ఆ రెండు గీతలదీ ఒకే ఎత్తు! కిటుకంతా ఇక్కడే ఉంది. అంచు దాటి లోపలికి దిగితే పాత ఎత్తే మళ్లీ వస్తుంది. అందుకే మ్యాపులో గొయ్యి గీతలకు లోపలివైపు చిన్న చిన్న గీట్లు పెడతారు. అవి చూసుకోకపోతే గోతిని కాస్తా కొండ అనుకుంటాం.

అభ్యాసం: 20 మీటర్లకొక గీత. బయటి నుంచి లోపలికి 540, 560, 580, 600 ఉన్నాయి. ఆ తర్వాత గీట్లతో 600, 580, 560, 540. ఈ అంకెలు నేను వేసుకున్నవే. గొయ్యి ఎంత లోతు? 60 అని రాయకండి. అంచు 600కు పైన, 620కి లోపు. అడుగు 540కి కింద, 520కి పైన. అంటే లోతు 60కి ఎక్కువ, 100కు తక్కువ.

వచ్చే పాఠంలో అదే దీవి వాగులను మ్యాపులో పట్టుకుందాం. దుంప గీతల కాగితం దాచి ఉంచండి, దాని మీదే గీయాలి.