పాత చైన్ రంపానికి రంగు వేస్తున్నారా? ముందు ఆ పొడి సంగతి చూడండి

పోయిన వారం మా పక్క ఊరి వెల్డింగ్ షెడ్డులో ఒకతను పాత చైన్ రంపం బాడీ మీద రంగు గీకాడు. సాన మిషన్‌కి వైర్ బ్రష్ బిగించి పొద్దున్నంతా అదే పని. మధ్యాహ్నం అదే మిషన్ మీద ఇంకెవరో గునపం మొన సాన పట్టారు. కింద పోగుపడిన బూడిదరంగు పొడి మీద రవ్వలు పడ్డాయి. కళ్లు చెదిరేంత తెల్లటి మంట లేచింది. కంగారులో బకెట్‌తో నీళ్లు కుమ్మరించారు. దాంతో మంట ఎగజిమ్మి ముంజేతులు రెండూ కాలాయి. "అల్యూమినియమే కదా అనుకున్నాం" అంటున్నారు. అది మెగ్నీషియం.

తుఫాన్ల నెలలు వస్తున్నాయి. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖనీ, 2018లో తిత్లీ తర్వాత ఉద్దానం కొబ్బరి తోటల్నీ చూసినవాళ్లు ఈ రోజుల్లో అటక మీది రంపాలు దించి బాగు చేసుకుంటారు. పనిలో పనిగా రంగు కూడా వేస్తారు. స్టిల్ 070 లాంటి పాతకాలపు మిషన్ దొరికితే ముచ్చటపడి కొత్తదానిలా తయారుచేసేవాళ్లూ ఉన్నారు. మంచిదే. కళ్లద్దాలు పెట్టుకోండి, పెట్రోలు దగ్గర బీడీ వద్దు లాంటివి నేను చెప్పను. అవి మీకు తెలుసు.

ముందు లోహం

1960లు, 70లలో వచ్చిన యూరప్, అమెరికా రంపాలు చాలావాటికి బరువు తగ్గాలని క్రాంక్‌కేసు, అంటే ఇంజన్‌ని పట్టి ఉంచే బాడీ, మెగ్నీషియం మిశ్రమంతో పోతపోశారు. అది అల్యూమినియం బరువులో మూడింట రెండొంతులే ఉంటుంది. దళసరి ముక్కగా ఉన్నంతసేపు తేలిగ్గా అంటుకోదు, తగిలిన వేడి లోపలికి పాకిపోతుంది. అందుకే ఇంజన్ ఏళ్ల తరబడి నడిచినా బాడీకి ఏమీ కాదు. దాన్ని గీకి పొడి చేస్తే మాత్రం ఒక్క రవ్వ చాలు. అప్పుడు నీళ్లు పోస్తే మెగ్నీషియం ఆ నీటిలోంచి హైడ్రోజన్‌ని విడగొడుతుంది, అదీ మండుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టినా ఆరదు, ఆ వాయువులో కూడా ఇది మండగలదు. షాపుల్లో గోడకు తగిలించే ఏబీసీ పౌడర్ సిలిండర్ కూడా దీనికి పనికిరాదు. కొద్దిపాటి మంటైతే బాగా ఎండిన ఇసుకో ఉప్పో మెల్లగా కప్పి దూరంగా వచ్చేయాలి. ఇసుక తడిగా ఉంటే నీళ్లు పోసినట్టే.

మీ రంపం బాడీ ఏ లోహమో తెలియకపోతే లోపలివైపు కనిపించని చోట రంగు గీకి ఒక చుక్క వెనిగర్ వేయండి. వెంటనే బుడగలు పొంగితే మెగ్నీషియం. చూశాక ఆ చుక్కని కడిగి తుడిచేయండి.

గ్రైండర్ పక్కన పెట్టండి. పెయింట్ రిమూవర్ రాసి, రంగు ఉబ్బాక ప్లాస్టిక్ పలకతో తీయండి. ఇది ఆరుబయటే చేయాలి, మూసిన గదిలో ఆ ఆవిరి మనిషిని పడేస్తుంది. మిగిలిన మచ్చల్ని వాటర్ పేపర్‌తో, తడుపుతూ, చేత్తో రుద్దండి. ఓపిక కావాలి, నిజమే. పాత నారింజ, పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి ఎలాగూ పొడిగా రుద్దకూడదు, ఇంట్లో పిల్లలుంటే అసలే కూడదు. రుద్దగా వచ్చిన తడి మడ్డిని మూత బిగించిన డబ్బాలో దాచకండి, అందులోంచి హైడ్రోజన్ వస్తూ ఉంటుంది.

మళ్లీ చెబుతున్నా: ఇనుము సాన పట్టిన మిషన్ మీద ఈ బాడీ పెట్టకండి. ఈ బాడీ పెట్టిన మిషన్ మీద ఇనుము పెట్టకండి. తుప్పూ మెగ్నీషియం పొడీ కలిస్తే, మండటానికి కావలసిన ఆక్సిజన్ ఆ తుప్పులోనే ఉంటుంది.

యాసిడ్, సోడా

తుప్పు అనగానే బాత్రూమ్ యాసిడ్ తెచ్చేస్తారు. అది బాడీ మీద పడితే నురగ కక్కుతూ లోహాన్ని తినేస్తుంది. కాస్టిక్ సోడా సంగతి దీనికి తలకిందులు: మెగ్నీషియాన్ని ముట్టుకోదు, అల్యూమినియం సిలిండర్‌నీ పిస్టన్‌నీ మాత్రం పాడుచేస్తుంది. అందుకని రెండూ వద్దు.

రంగు, స్విచ్

టూకే రంగు, అంటే హార్డెనర్ కలిపి వేసేది, నిగనిగలాడుతుంది, పెట్రోలు పడినా ఊడదు. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే జీవితాంతం ఆయాసమే. దానికి తగిన రెస్పిరేటర్ లేకపోతే పెయింటింగ్ షెడ్డుకి ఇచ్చేయండి.

రంగు వేసేటప్పుడు అందరూ మర్చిపోయేది స్విచ్. ఆఫ్ చేస్తే ఇగ్నిషన్ కరెంటు బాడీకి ఎర్త్ అయి ఇంజన్ ఆగాలి. ఎర్త్ తగిలే చోట కూడా రంగు కొట్టారంటే కరెంటుకి దారి ఉండదు, ఇంజన్ ఆగదు. పైగా 070 లాంటి పాతవాటికి చైన్ బ్రేక్ కూడా లేదు. కాబట్టి ఆ చోటుకి రంగు వేసేముందు టేపు అంటించండి. ఎప్పుడైనా ఆగకపోతే చోక్ పూర్తిగా మూసేయండి.

ఇక మిగిలినవి:

- సిలిండర్ రెక్కల మీద దళసరిగా రంగు వేయకండి, వేడి బయటికి పోదు.
- మఫ్లర్‌కి, అంటే సైలెన్సర్‌కి, మామూలు ఎనామెల్ వద్దు.
- ఇసుక బ్లాస్టింగ్‌కి ఇవ్వకండి. బేరింగ్‌లోకి ఒక్క రేణువు పోయినా ఇంజన్ పాయె.
- విడిభాగాలు పెట్రోలుతో కడగొద్దు. కిరోసినో డీజిలో చాలు, అదీ బయట.
- ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ లోపలి డయాఫ్రం మార్చకుండా పోయకండి.
- ఫ్లైవీల్‌ని సుత్తితో కొట్టొద్దు. బీట పడితే పారేయండి, వెల్డింగ్ పెట్టించకండి.
- మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు బార్, చైన్ తీసేయండి. ఇంట్లో కాదు, వాకిట్లో.
- రంపాన్ని నేల మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి తాడు లాగండి. గాల్లో ఊపుతూ లాగేవాళ్లని చూసి నేర్చుకోకండి.
- గీకిన చోటు ఊడ్చారా? సాన మిషన్ గార్డు లోపల కూడా చూశారా? అక్కడే పేరుకుంటుంది ఆ పొడి.
- ఆ పొడి మంటకి నీళ్లు వద్దు. పక్కనున్నవాళ్లకీ చెప్పి ఉంచండి, బకెట్ పట్టుకొచ్చేది వాళ్లే.
- రంపం అద్దెకిస్తే, స్విచ్ కొట్టగానే ఆగుతోందని తీసుకెళ్లేవాడి ముందే చూపించి ఇవ్వండి.