రెండు గంటల్లో నాగార్జునసాగర్ చూసి, మంచి ఫొటోలు తీసుకోవడం ఎలా?

హైదరాబాద్ నుంచి మాచర్ల వైపు వెళ్తూనో, పల్నాడు నుంచి నల్లగొండ వైపు వస్తూనో దారిలో సాగర్ దగ్గర కాసేపు ఆగుదాం అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. ఆగడం తేలికే. కాకపోతే ఏమీ చూసుకోకుండా వెళ్తే మిట్టమధ్యాహ్నం ఎండలో, మూసి ఉన్న గేట్ల ముందు నాలుగు సెల్ఫీలు దిగి తిరిగి రావాల్సి వస్తుంది. అంత పెద్ద డ్యామ్‌ను అలా చూసి వచ్చేయడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది. బయల్దేరే ముందు కొంచెం తెలుసుకుని వెళ్తే రెండు గంటలు బాగా సరిపోతాయి.

మొదట గేట్ల సంగతి కనుక్కోండి

సాగర్‌కు 26 క్రస్ట్ గేట్లు, అంటే డ్యామ్ పైభాగంలో వరద నీటిని వదిలే గేట్లు ఉన్నాయి. ఒక్కో గేటు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. గేట్ల అడుగుభాగం సముద్రమట్టం నుంచి లెక్కిస్తే 546 అడుగుల మట్టం దగ్గర ఉంటుంది. జలాశయం పూర్తి నీటిమట్టం 590 అడుగులు. అంటే నీళ్లు 546 దాటకపోతే గేటు మొత్తం ఎత్తినా చుక్క రాదు. మామూలుగా మట్టం 590కి దగ్గరపడ్డాకే గేట్లు ఎత్తుతారు. ఇది జులై చివరి నుంచి అక్టోబర్ మధ్యలో, కృష్ణకు పైనుంచి వరద బాగా వచ్చిన ఏడాదిలో జరిగే పని. వరద లేని ఏడాది అసలు ఎత్తరు.

అందుకే ఎగువన ఉన్న శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని టీవీలో చెప్పగానే బండి తీయకండి. ఆ నీళ్లు దిగి రావాలి, సాగర్ నిండాలి. అప్పటికి ఇక్కడ మట్టం ఎంత ఉందన్న దాన్నిబట్టి అది ఒకటి రెండు రోజుల్లో కావచ్చు, వారాలూ పట్టొచ్చు.

ఇంకో చోట కూడా చాలామంది పొరబడతారు. ‘సాగర్ నుంచి భారీగా ఔట్‌ఫ్లో’ అని వార్త వస్తుంది. ఔట్‌ఫ్లో అంటే జలాశయం నుంచి బయటికి వెళ్లే మొత్తం నీరు. ఆ లెక్కలో కుడి, ఎడమ కాలువలకు ఇచ్చే నీళ్లు, కరెంటు ఉత్పత్తికి వదిలే నీళ్లు కూడా కలిసే ఉంటాయి. గేట్లు మూసే ఉన్నా ఔట్‌ఫ్లో వేల క్యూసెక్కుల్లో కనిపిస్తుంది. కాబట్టి వార్తలో ‘ఇన్ని గేట్లు, ఇన్ని అడుగుల మేర ఎత్తారు’ అన్న వాక్యం ఉందా లేదా చూడండి. ఆ వాక్యం ఉంటేనే పరుగెత్తండి, అదీ మర్నాడే. వరద తగ్గగానే గేట్లు ఒక్కొక్కటిగా దించేస్తారు.

ఉదయమే చేరుకోండి

జలాశయం డ్యామ్‌కు పడమటి వైపు ఉంది, గేట్ల నుంచి నీళ్లు దూకేది తూర్పు వైపుకు. పొద్దున్నే దిగువన డ్యామ్‌కు ఎదురుగా నిలబడితే సూర్యుడు మీ వెనక ఉంటాడు, ఎండ సూటిగా గేట్ల మీద పడుతుంది. సాయంత్రం అయితే ఎండ డ్యామ్ వెనక నుంచి వస్తుంది కాబట్టి ఫొటోలో డ్యామ్ నల్లగా, ఆకాశం తెల్లగా పడుతుంది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు మధ్య బయల్దేరితే ఎనిమిదికల్లా అక్కడ ఉంటారు. ఆదివారాలు, ఆగస్టు 15 లాంటి సెలవులు గేట్లు ఎత్తిన సమయంలో వస్తే ట్రాఫిక్‌లోనే సగం రోజు పోతుంది. వీలైతే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

ఎక్కడ నిలబడాలి?

డ్యామ్ పైకి వెళ్లి నడవాలని అందరికీ ఉంటుంది. మామూలు సందర్శకులకు అక్కడ అనుమతి ఉండదు, భద్రతా సిబ్బంది ఆపేస్తారు. దాని కోసం బతిమాలుతూ సమయం పోగొట్టుకోవద్దు, ఎందుకంటే అసలు దృశ్యం కనిపించేది కింద నుంచే. డ్యామ్‌కు దిగువన కృష్ణ మీద ఉన్న కొత్త బ్రిడ్జి నుంచి గేట్ల వరుస ఎదురుగా కనిపిస్తుంది. బండిని బ్రిడ్జి మీద ఆపకండి. దాటి పక్కన పెట్టి నడుచుకుంటూ రండి. నడిస్తే ఇంకో లాభం కూడా ఉంది: పది అడుగులు జరిగినప్పుడల్లా గేట్లు, కొండలు, నది కలిసే తీరు మారిపోతుంది.

మొదట బ్రిడ్జి మీద, ఆ తర్వాత గట్టు మీద ఉన్న వ్యూ పాయింట్లలో ఒకటి, చివరికి డ్యామ్ దగ్గరే ఉన్న హిల్ కాలనీ వైపు నుంచి జలాశయం. ఈ మూడూ చాలు.

ఫొటో తీసేటప్పుడు

గేట్ల నుంచి దూకే నీరు పాల నురగలా తెల్లగా ఉంటుంది. ఫోన్ కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే చుట్టూ ఉన్న నల్లరాయిని చూసి వెలుతురు పెంచేస్తుంది, నీళ్లు ఒట్టి తెల్లకాగితం అయిపోతాయి. స్క్రీన్ మీద నురగ ఉన్న చోట వేలు పెట్టి, ఎక్స్‌పోజర్‌ను (వెలుతురును) కొంచెం కిందికి లాగండి. నీటిలోని పొరలు, తుంపర లేచే తీరు అప్పుడు కనిపిస్తాయి. కెమెరా ఉన్నవాళ్లు షట్టర్ స్పీడ్ 1/1000 సెకను పెడితే చుక్కలు విడివిడిగా ఆగిపోతాయి. పావు సెకను పెడితే నీళ్లు పట్టులా జారతాయి. అయితే బ్రిడ్జి మీద లారీ పోయినప్పుడల్లా కాళ్లకింద సన్నగా అదురుతుంది, అదంతా ఫొటోలోకి వస్తుంది. స్లో షట్టర్ ఫొటోలు గట్టు మీద నుంచే తీయండి.

హరివిల్లు కోసం చూడటం మర్చిపోవద్దు. సూర్యుడు వెనక, తుంపర ముందు ఉంటేనే అది కనిపిస్తుంది. మీ తల నీడ ఎటు పడుతుందో చూసుకోండి, ఆ దిక్కు చుట్టూనే రంగుల వంపు ఉంటుంది. పొద్దు పైకెక్కేకొద్దీ ఆ వంపు కిందికి దిగిపోతుంది కాబట్టి తొమ్మిది లోపు ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. లెన్స్ మీద తుంపర పడుతూనే ఉంటుంది, జేబులో ఒక మెత్తటి గుడ్డ ఉంచుకోండి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. డ్యామ్‌ల దగ్గర అది పోలీసు కేసు దాకా వెళ్లే వ్యవహారం.

గేట్లు మూసి ఉంటే?

అప్పుడు కూడా ఆగమనే అంటాను. సాగర్ ప్రపంచంలోని అతిపెద్ద రాతికట్టడపు డ్యామ్‌లలో ఒకటి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మధ్యకాలంలో వేలమంది కూలీలు పరంజాల మీదుగా భుజాలపై రాళ్లు మోసి కట్టారు. నీళ్లు దూకుతున్నప్పుడు జనం చూపంతా నురగ మీదే ఉంటుంది. నీళ్లు లేని రోజున కెమెరా జూమ్ చేసి ఆ రాతి గోడను చూడండి, వరుస మీద వరుస పేర్చిన రాళ్లు కనిపిస్తాయి. ఉదయపు ఏటవాలు ఎండలో ఆ గరుకుదనం బాగా పడుతుంది. సాగర్ ఫొటోల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవి ఇలాంటివే. తర్వాత సమయం మిగిలితే 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనానికి వెళ్లొచ్చు, అక్కడి మహాస్తూపం కూడా ఫొటోలకు బాగుంటుంది.

నీటి దగ్గర జాగ్రత్త

గేట్లు ఎత్తే రోజుల్లో దిగువన ఘాట్ మెట్లు, బండలు ఖాళీగా, పొడిగా కనిపించినా దిగొద్దు. ఇంకో రెండు గేట్లు ఎత్తితే నీరు చూస్తుండగానే పెరుగుతుంది. సైరన్ వినిపించాక పరుగెత్తుదామంటే కుదరదు, పాచి పట్టిన బండ మీద పరుగు సాగదు. పిల్లల చెయ్యి వదలకండి. సెల్ఫీ కోసం రెయిలింగ్ ఎక్కేవాళ్లు మీ గుంపులో ఉంటే గట్టిగానే మందలించండి.

ఏది వదిలేయాలి?

నాగార్జునకొండను. ఆ మ్యూజియం గొప్పదే, ఇక్ష్వాకుల కాలం నాటి శిల్పాలు చూడాల్సినవే. కానీ జలాశయం మధ్యలో ఉన్న ఆ ద్వీపానికి లాంచీలో వెళ్లి రావాలి, సరిపడా జనం వస్తేనే లాంచీ కదులుతుంది, పోయిరావడానికే సగం పూట పడుతుంది. రెండు గంటల్లో దాన్ని ఇరికించాలని చూస్తే ఇదీ దక్కదు, అదీ దక్కదు. దానికి వేరుగా ఒక రోజు పెట్టుకోండి, శుక్రవారం మ్యూజియానికి సెలవని గుర్తుంచుకోండి.

మాచర్ల వైపు వెళ్లేవాళ్లయితే దారిలో సాగర్ నుంచి 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల వస్తుంది. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఆ జలపాతాన్ని గట్టు మీది నుంచి అరగంటలో చూసేయొచ్చు. వర్షాకాలంలో నీళ్లు బాగుంటాయి. హైదరాబాద్ తిరిగి వచ్చేవాళ్లు మాత్రం ఎండ ముదరకముందే సాగర్‌లో టిఫిన్ చేసి బయల్దేరిపోవడం మేలు.