డిష్ తీసేసి నెట్‌తో టీవీ చూడాలంటే ఏ బాక్స్ కొనాలి

బాక్స్ కొనే ముందు ఒక కాగితం, పెన్ను తీసుకుని ఇంట్లో టీవీ ఎక్కువగా చూసే మనిషి పక్కన కూర్చోండి. మా ఇంట్లో అయితే అమ్మ. పొద్దున భక్తి కార్యక్రమాలు, మధ్యాహ్నం పాత సినిమా, సాయంత్రం ఆరున్నర నుంచి వరుసగా సీరియళ్లు, మధ్యలో నాన్న వార్తలు. ఇవన్నీ ఛానెల్ పేర్లతో సహా రాసుకున్నాకే, ఏ బాక్స్ మంచిదని అందరినీ అడగడం కన్నా ఈ కాగితమే ఎక్కువ పనికొస్తుందని నాకు అర్థమైంది.

ఎందుకంటే మన ఛానెళ్లన్నీ ఒకే యాప్‌లో దొరకవు. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో ఉంటాయి. వార్తా ఛానెళ్లు చాలావరకు యూట్యూబ్‌లోనే లైవ్ వస్తాయి, పైసా ఖర్చు లేదు. దూరదర్శన్ కావాలంటే ప్రసార భారతి 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ యాప్ ఉంది. మీ కాగితం మీద ఉన్న ఒక్కో పేరు ఎదురుగా యాప్ పేరు, దాని ఏడాది ఖర్చు రాసి కూడండి. ఒక్కోసారి ఆ మొత్తం డిష్ రీఛార్జ్ కన్నా ఎక్కువే తేలుతుంది, అలా అయితే తొందరపడి డిష్ తీయకండి.

ఇంకో ప్రశ్న, చాలామంది మర్చిపోయేది: మీ వాళ్లకి కావలసింది సీరియలా, ఛానెలా? ఎపిసోడ్ ఎప్పుడు చూసినా ఫర్వాలేదు అనుకునేవాళ్లకి యాప్‌లు చాలు. రిమోట్‌లో నంబరు నొక్కితే ఛానెల్ రావాలి, నొక్కుతుంటే తర్వాతది రావాలి అనుకునే పెద్దవాళ్లకి ఫైబర్ కంపెనీలు ఇచ్చే ఐపీటీవీ (నెట్ తీగ మీదే ఛానెళ్లు వచ్చే) బాక్సే సుఖం. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైన నాటి నుంచి నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇస్తోంది. ఎయిర్‌టెల్ కూడా 2025లో ఐపీటీవీ మొదలుపెట్టింది. ఒక్క చిక్కు ఏంటంటే ఇలాంటి బాక్స్ ఆ కంపెనీ కనెక్షన్‌తోనే పనిచేస్తుంది. అద్దె ఇళ్లు మారేవాళ్లు, నెట్ కంపెనీ తరచూ మార్చేవాళ్లు సొంతంగా స్టిక్, అంటే టీవీ హెచ్‌డీఎంఐ సాకెట్‌లో గుచ్చే చిన్న పరికరం, కొనుక్కోవడమే మేలు.

ఇక నెట్ సంగతి. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య, అంటే వీధిలో అందరూ నెట్ వాడే టైములో, ఫోన్ తీసుకెళ్లి టీవీ వెనకాల, సరిగ్గా స్టిక్ ఉండబోయే చోట పట్టుకుని స్పీడ్ టెస్ట్ చేయండి. రౌటర్ పక్కన నిలబడి చేస్తే లాభం లేదు. నెట్‌ఫ్లిక్స్ వాళ్ల లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కెకి 15 ఉంటే సరిపోతుంది, కాబట్టి మామూలు 30 ఎంబీపీఎస్ ప్లాన్ చాలు. బఫరింగ్ వచ్చేది ప్లాన్ చిన్నదని కాదు, ఎక్కువసార్లు మధ్యలో గోడల వల్ల. మా హాల్లో రౌటర్‌కి, టీవీకి మధ్య రెండు గోడలున్నాయి, 5 గిగాహెర్ట్జ్ వైఫై సిగ్నల్ అక్కడికి వచ్చేసరికి నీరసపడిపోయేది. చివరికి రౌటర్ నుంచి టీవీ దాకా గోడ అంచు వెంట లాన్ వైరు (నెట్ కేబుల్) లాగాం, ఆ రోజు నుంచి గుండ్రంగా తిరిగే ఆ చక్రం మళ్లీ కనబడలేదు. స్టిక్ కొంటే దానికి లాన్ అడాప్టర్ విడిగా కొనాలి, పెద్ద బాక్సుల్లో కొన్నిటికి సాకెట్ దాంట్లోనే ఉంటుంది, వెనక వైపు ఫోటో చూసి ఆర్డర్ పెట్టండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపిద్దాం అనుకునేవాళ్లకి ఒక లెక్క చెబుతా: నెట్‌ఫ్లిక్స్‌లో హెచ్‌డీ గంటకి సుమారు 3 జీబీ తింటుంది, రోజుకి 2 జీబీ ప్యాక్ సినిమా ఇంటర్వెల్ దాకా కూడా రాదు.

ఇప్పుడు బాక్స్. మీ టీవీ ఇప్పటికే స్మార్ట్ టీవీ అయి, కాగితం మీద యాప్‌లన్నీ దాంట్లో నడుస్తుంటే ఏమీ కొనక్కర్లేదు. కొనాలంటే రెండు దారులు. గూగుల్ టీవీ లేదా ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల్లో ప్లే స్టోర్ ఉంటుంది, తెలుగు యాప్‌లు దాదాపు అన్నీ దొరుకుతాయి. అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్‌లో ప్లే స్టోర్ ఉండదు, అమెజాన్ సొంత స్టోరే. 2025లో వచ్చిన స్టిక్ 4కె సెలెక్ట్ అయితే ఆండ్రాయిడ్ కూడా కాదు, అమెజాన్ సొంత వేగా ఓఎస్, అందులో స్టోర్‌లో లేని యాప్‌ని బయటి నుంచి ఏపీకే ఫైలుగా పెట్టుకోవడం కుదరదు. కాబట్టి మీకు కావలసిన యాప్ ఆ మోడల్‌కి ఉందో లేదో ముందే చూడండి. అమెరికా నుంచి అన్నయ్యో అక్కయ్యో స్టిక్ తెస్తానంటే సంతోషమే, కాకపోతే దాంట్లో మన దేశపు అమెజాన్ ఖాతాతోనే లాగిన్ అవ్వండి, లేకపోతే అక్కడి యాప్‌లే కనిపిస్తాయి.

32 అంగుళాల హెచ్‌డీ టీవీలో 4కె బొమ్మ రాదు, కాబట్టి దానికి 4కె బాక్స్ కోసం వెతకక్కర్లేదు. ర్యామ్ మాత్రం 2 జీబీ ఉన్నది చూడండి, 1 జీబీ వాటిలో ఏడాది తిరిగేసరికి ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి వెళ్లడానికి ఎదురుచూడాల్సి వస్తుంది. పాత డబ్బా టీవీ ఉన్నవాళ్లు హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులవి) మార్చే కన్వర్టర్ కొనాలి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కూడా చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, డబ్బా మీద రాసింది చదివి తీసుకోండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది ఇది. రెండు వేలకి “అన్ని ఛానెళ్లూ జీవితాంతం ఫ్రీ” అని అమ్మే పేరూ ఊరూ లేని బాక్స్ కొనకండి. నేను కొన్నాను. నెట్‌ఫ్లిక్స్ పెడితే మొహాలు అలికేసినట్టు వచ్చాయి, ఎన్ని సెట్టింగులు మార్చినా అంతే. తర్వాత తెలిసింది, వైడ్‌వైన్ ఎల్1 అనే అనుమతి లేని బాక్సులకి పెద్ద యాప్‌లు హెచ్‌డీ పంపవు. బొమ్మ సంగతి అలా ఉంచితే అసలు భయం వేరే. ఇలాంటి గూగుల్ ధ్రువీకరణ లేని బాక్సుల్లో ముందుగానే వైరస్ పెట్టి అమ్ముతున్నారు, బ్యాడ్‌బాక్స్ 2.0 అని దాని పేరు. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దీని గురించి హెచ్చరిక ఇచ్చింది, జులైలో దీన్ని నడిపేవాళ్ల మీద గూగుల్ కోర్టుకి వెళ్లింది. కోటికి పైగా పరికరాలు దాని బారిన పడ్డాయి. మీ ఇంటి నెట్‌ని మీకు తెలియకుండా ఎవరో తప్పుడు పనులకి వాడుకుంటారన్నమాట. ఆన్ చేయగానే టీవీ హోమ్‌లా కాకుండా ట్యాబ్‌లా ఐకాన్లు పరుచుకుని ఉన్నా, ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టుకునే గూగుల్ కాపలా) ఆపేయమని అడిగినా ఆ బాక్స్ తిరిగి ఇచ్చేయండి. నా దాన్ని తీసి పక్కన పడేసి, దాంట్లో వాడిన ఖాతా పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేశాను.

బిగించేటప్పుడు కరెంటు టీవీ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి, చాలక మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది, దానితో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకి పెట్టండి. ఇన్వర్టర్ లేనివాళ్లు రౌటర్‌కి చిన్న యూపీఎస్ తెచ్చుకోండి, లేకపోతే రెండు నిమిషాల కరెంటు కోతకి రౌటర్ మళ్లీ ఆన్ అయ్యేదాకా సీరియల్ ఆగిపోతుంది. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ముందే చెబుతున్నా, యాప్‌లో మ్యాచ్ డిష్ కన్నా కొంచెం వెనక ఉంటుంది, పక్కింట్లో కేక వినబడ్డాక మన బౌలర్ పరుగు మొదలుపెడతాడు.

అమ్మా నాన్నల కోసమైతే హోమ్‌లో మొదటి వరుసలో వాళ్ల యాప్‌లు నాలుగే పెట్టండి, డబ్బు కట్టే వాటికి పిన్ పెట్టండి. డిష్ రీఛార్జ్ ఉన్నన్ని రోజులూ ఆ పాత పెట్టె పక్కనే ఉంచండి. మా అమ్మ మూడు వారాల పాటు రెండు రిమోట్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, నాలుగో వారంలో పాత రిమోట్ బ్యాటరీలు తీసి గోడ గడియారంలో వేసింది.