సీడ్ ఫ్రేజ్ ఎవరికీ చెప్పలేదు, అయినా టోకెన్లు పోయాయి: కారణం, పరిష్కారం

సమస్య: నిన్నటిదాకా క్రిప్టో వాలెట్‌లో ఉన్న యూఎస్‌డీటీ (డాలర్ విలువకు ముడిపెట్టిన టోకెన్) ఇవాళ సున్నా. సీడ్ ఫ్రేజ్, అంటే వాలెట్‌ను తెరిచే 12 రహస్య పదాలు, రాసుకున్న కాగితం ఉన్నచోటే ఉంది. చాలామంది వెంటనే పాస్‌వర్డ్ మారుస్తారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. అది మీ ఫోన్‌లోని యాప్‌కు తాళం మాత్రమే, బ్లాక్‌చెయిన్‌కు దానితో సంబంధం లేదు.

దయచేసి ముందు ఈ ఒక్కటి చూడండి. ఈథీరియం బ్లాక్‌చెయిన్ లావాదేవీలన్నీ చూపే ఈథర్‌స్కాన్ సైట్‌లో మీ వాలెట్ అడ్రస్ వెతికి, టోకెన్లు బయటికి పోయిన లావాదేవీ తెరవండి. పైన ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి అడ్రస్ ఉంది?

మీ అడ్రసే ఉందా? ఆ లావాదేవీ మీరు చేయలేదా? ఈథర్ (ఈథీరియం సొంత నాణెం) కూడా ఊడ్చుకుపోయిందా? అయితే కీ, అంటే సీడ్ నుంచి వచ్చే రహస్య సంకేతం, బయటపడింది. గ్యాస్ (లావాదేవీ రుసుము) కోసమని మళ్లీ ఈథర్ వేయకండి, కాచుకుని ఉన్న దొంగ బాట్ (దానంతటదే నడిచే ప్రోగ్రామ్) క్షణాల్లో లాగేస్తుంది. శుభ్రమైన ఫోన్‌లో కొత్త సీడ్ ఫ్రేజ్‌తో వాలెట్ తెరవండి. పాత సీడ్ కిందే ఇంకో అకౌంట్ తెరిస్తే లాభం లేదు.

‘ఫ్రమ్’లో వేరే అడ్రస్ ఉండి, ఈథర్ కదలకుండా ఒక్క టోకెనే పోతే కారణం అప్రూవల్. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్వాప్ (ఒక టోకెన్ ఇచ్చి ఇంకోటి తీసుకోవడం) చేసేముందు సైట్ ‘అప్రూవ్’ అడుగుతుంది. నొక్కితే, మీ టోకెన్ తీసుకునే హక్కు ఆ సైట్ కాంట్రాక్టుకు (బ్లాక్‌చెయిన్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు) ఇచ్చినట్టే. 100 టోకెన్ల పనికి కూడా చాలా సైట్లు పరిమితి లేని హక్కు అడుగుతాయి. పాప్-అప్‌లో 1157920892 అని మొదలయ్యే పొడుగాటి అంకె కనిపిస్తే అది పరిమితి లేని హక్కే. ఆ హక్కుకు గడువు లేదు, నెలల తర్వాతైనా వాడుకోవచ్చు. సైట్ నుంచి ‘డిస్‌కనెక్ట్’ అయినంత మాత్రాన అది రద్దు కాదు. కీని విడి పరికరంలో దాచే హార్డ్‌వేర్ వాలెట్ ఉన్నా ఆపలేదు, ఎందుకంటే సంతకం పెట్టింది మీరే. ఈథర్‌కు ఇలాంటి అప్రూవల్ లేదు కాబట్టే అది మిగిలింది.

దీనికన్నా మాయదారిది ‘పర్మిట్’ సంతకం, అదీ ఇదే హక్కు ఇస్తుంది. గ్యాస్ పడదు కాబట్టి లాగిన్ అనుకుని నొక్కేస్తారు. సంతకం అడిగే తెరమీద ‘స్పెండర్’, ‘వాల్యూ’, ‘డెడ్‌లైన్’ కనిపిస్తే అది లాగిన్ కానే కాదు, తిరస్కరించండి. పెట్టేసి ఉంటే, దొంగ దాన్ని వాడేదాకా అప్రూవల్స్ జాబితాలో కనబడదు. ఆ టోకెన్లను వెంటనే వేరే అడ్రస్‌కు తరలించండి.

పరిష్కారం: ఈథర్‌స్కాన్‌లోని టోకెన్ అప్రూవల్ చెకర్ గానీ, రివోక్ డాట్ క్యాష్ గానీ తెరవండి. సైట్ పేరు మీరే టైప్ చేయండి, వెతికితే పైన వచ్చే ప్రకటనల్లో నకిలీలుంటాయి. ముందు దొంగ కాంట్రాక్టును, తర్వాత ‘అన్‌లిమిటెడ్’ అని ఉన్నవాటిని రివోక్ (రద్దు) చేయండి. ఒక్కోదానికి గ్యాస్ పడుతుంది. పాలిగాన్, బీఎన్‌బీ చైన్ లాంటి ప్రతి నెట్‌వర్క్‌లోనూ విడిగా చేయాలి. రివోక్ అయ్యేదాకా అదే టోకెన్‌ను ఆ అడ్రస్‌కు తెప్పించుకోకండి.

మీరే పంపిన టోకెన్లు తప్పుచోటికి చేరితే, పాత లావాదేవీల నుంచి పోలికగల నకిలీ అడ్రస్ కాపీ చేసి ఉంటారు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలే కాదు, 42 అక్షరాలూ సరిచూడండి. పోయినవి వెనక్కి ఇప్పిస్తామంటూ మెసేజ్ చేసేవాళ్లకు జవాబివ్వకండి.